నీళ్ళు పడకపోవుట

ఊరు మారినవాడు నాలుగు దినములలో జబ్బుపడినచో తెలుగునాట పెద్దలు "వానికి ఆ ఊరి నీళ్ళు పడలేదు" అందురు. క్రొత్తగా కాపురమునకు వెళ్లిన ఆడపడుచును గూర్చియు, బదిలీ అయిన గుమాస్తాను గూర్చియు, వసతిగృహమున చేరిన విద్యార్థిని గూర్చియు ఈ మాట వినబడుచుండును. నీటిలోని ఉప్పు, సున్నముల హెచ్చుతగ్గులే ఇందుకు కారణమని చాలమంది తలంపు. ఒక్కొక్కచోట అందు కొంత నిజమున్నను, మనిషిని వాంతులతో, విరేచనములతో మంచమున పడవేయు జబ్బునకు అది కారణము కాదు. అయినను ఆ పాతమాటలో గమనింపదగిన సంగతి ఒకటి దాగియున్నది. స్థలవాసులు నిత్యము తిని, త్రాగి, సుఖముగా నున్న పదార్థమే క్రొత్తవానికి విషమగుచున్నది. ఇట్లేల జరుగవలెను?

ఈ అనుభవము ఒక్క దేశమునకు చెందినది కాదు. మెక్సికోకు వెళ్లి కడుపు చెడిన అమెరికనులు ఆ జబ్బును "మాంటెజూమా పగ" అని పరిహాసముగా పిలిచిరి. మాంటెజూమా 1520లో స్పెయిను సైనికుల చెరలో నుండగా మరణించిన ఆజ్‌టెక్ చక్రవర్తి. హిందూదేశమునకు వచ్చిన ఆంగ్లేయులు దానికే "ఢిల్లీ కడుపు" అని పేరిడిరి. కడుపు ఎవరిదైనను నింద మాత్రము పరదేశము మీదనే పడుచుండును.

పరదేశమున చదువుకొనబోయి, అచటి తిండిని, నీటిని, జబ్బులను శ్రద్ధతో పరిశీలించి వ్రాసిపెట్టినవారిలో ఇత్సింగ్ మిక్కిలి ప్రాచీనుడు. ఈ చైనా భిక్షువు క్రీ.శ. 671లో కాంటన్ రేవున ఓడ ఎక్కి, సుమత్రా ద్వీపమందలి శ్రీవిజయమున ఆరు నెలలు సంస్కృత వ్యాకరణము నభ్యసించి, 673లో వంగదేశపు తామ్రలిప్తి రేవున దిగెను. కొంతకాలమచట నుండి, వర్తకుల గుంపుతో కలిసి నాలందా దిక్కుగా బయలుదేరెను. బుద్ధగయ ఇంకను పది దినముల ప్రయాణ దూరమున నుండగా అతనికి ఋతుదోషము వలన జబ్బు చేసెను. దారి కొండలతోను, బురదనేలతోను నిండియుండెను. నాలుగడుగులు వేయుట, కూలబడుట. తోడి భిక్షువులు ఇరువదిమంది వరకు ముందు సాగిపోయిరి. ఇత్సింగ్ ఒంటరిగా వెనుకబడిపోయెను.

ప్రొద్దు గ్రుంకువేళ కొండదొంగలు విండ్లు చేతబట్టి అతని మీదికి వచ్చిరి. మొదట పైవస్త్రమును, పిదప కట్టుబట్టను గూడ లాగికొని పోయిరి. తెల్లని శరీరచ్ఛాయ గలవాడు చిక్కినచో ఆ ప్రాంతపువారు దేవతలకు బలి యిత్తురని అతడు అదివరకే వినియుండెను. అందుచేత ఒక బురదగుంటలో దిగి, ఒళ్లంతయు బురద పూసికొని, ఆకులు కప్పుకొని, చేతికఱ్ఱ ఊతగా చీకటిలో మెల్లగా నడచెను. రాత్రి రెండవ జామున ఒక పల్లె వెలుపల స్నేహితుడు తనను పిలుచుచున్న కేక అతనికి వినబడెను. చెరువులో బురద కడుగుకొని, స్నేహితుడిచ్చిన బట్ట కట్టుకొని గుంపులో చేరెను. తోడులేని పరదేశమున జబ్బుపడుట యన నేమో తెలియుటకు ఈ ఒక్క రాత్రి చాలును.

పిదప ఇత్సింగ్ నాలందాలో సుమారు పదియేండ్లు చదువుకొనెను. స్వదేశపు భిక్షువుల కొరకు అతడు వ్రాసిన గ్రంథములో శాస్త్రచర్చలకంటె భోజనమును గూర్చిన ప్రకరణములే నేటి పాఠకునకు ఎక్కువ రుచించును. చైనాలో చేపలను, కూరలను చాలవరకు పచ్చిగానే తిందురనియు, భారతీయులు అట్లు చేయరనియు, కూరలన్నిటిని బాగుగా ఉడికించి ఇంగువ, నేయి, నూనె కలిపి భుజింతురనియు అతడు వ్రాసెను. ఎంగిలి పదార్థమును మరల వాడకుండుట, భోజనానంతరము నోరు, చేతులు కడుగుకొనుట, త్రాగునీటి పాత్రను, కడుగుకొను నీటి పాత్రను వేరువేరుగా నుంచుట అతనికి ఎంతో నచ్చినవి. భిక్షువులు నీటిని పట్టుగుడ్డతో వడియగట్టుట గూడ వర్ణించెను. కాని ఆ వడియగట్టుట నీటిలోని పురుగుల ప్రాణములు కాపాడుటకే గాని, త్రాగువాని ప్రాణము కాపాడుటకు గాదు! కంటికి కనబడని ప్రాణులు గుడ్డ సందులనుండి సులభముగా దిగిపోవునని ఆనాడు ఎవరికిని తెలియదు.

జబ్బు చేయగానే తిండి మానవలెనని ఇత్సింగ్ మతము. పశ్చిమ భారతమున పదునైదు దినములును, ఒక్కొక్కప్పుడు నెలయు లంఖణము చేయుదురనియు, మధ్యదేశమున వారమునకు మించదనియు, దక్షిణ సముద్ర ద్వీపములలో రెండు మూడు దినములే యనియు అతడు లెక్కించి చెప్పెను. ఈ సలహాను నేటి వైద్యులు అంగీకరింపరు. విరేచనములు పట్టినవాడు, అందును పసిబిడ్డ, తిండియు నీరును మానుట అపాయకరమని వారు చెప్పుదురు. కారణము ముందు తెలియగలదు.

జబ్బునకు మూలమైన సూక్ష్మజీవిని పట్టుకొనుటకు చాలకాలము పట్టెను. దాని కథలో రెండు పాయలు గలవు. ఒక పాయ కలకత్తాలో మొదలయ్యెను. 1953లో శంభునాథ్ దే అను వైద్య శాస్త్రజ్ఞుడు కుందేలు చిన్న ప్రేవులో ఒక తునకను రెండువైపుల దారముతో ముడివేసి, అందు కలరా క్రిములను ఎక్కించి చూచెను. మరునాటికి ఆ తునక నీటితో నిండి ఉబ్బియుండెను. 1956లో విరేచన రోగుల మలమునుండి తీసిన కోలీ క్రిములలో కొన్ని రకములతో గూడ ఇదే ఫలితము కలిగెను. 1959లో ఆయన క్రిములను పూర్తిగా వడియగట్టివేసి, అవి పెరిగిన ద్రవమును మాత్రమే ఎక్కించెను. అప్పుడును ప్రేవు నీటితో నిండెను. క్రిమి ప్రేవును కొరికి తినుట లేదు, అది విడుచు విషమే నీటిని వెడలగొట్టుచున్నదని దీనితో రుజువయ్యెను. సామాన్యమైన పరికరములతో ఇంత గొప్ప విషయమును తేల్చిన ఈ శాస్త్రజ్ఞునకు బ్రదికియున్న కాలమున తగిన గౌరవము లభింపలేదు.

రెండవ పాయ యాత్రికులది. 1950 తరువాతి దశాబ్దమున మెక్సికోలో చదువుకొనుచున్న అమెరికా విద్యార్థులను వైద్యులు పరిశీలింపసాగిరి. తెలిసిన జిగట విరేచనపు క్రిములు వారిలో చాలమందియందు కానరాలేదు. జబ్బున్నది, దోషి లేడు. అటుపిమ్మట బ్రిటిషు సైనికులు విమానములలో ఏడెన్‌కు చేరగానే జబ్బు పడుటను గూర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞులు 1970లో ఒక ప్రత్యేకమైన కోలీ రకమును దానికి కారణముగా చూపిరి. 1975, 1976 సంవత్సరములలో మెక్సికోకు వచ్చిన విద్యార్థులలోను, అచట వైద్య మహాసభకు వచ్చిన వైద్యులలోను, వారి కుటుంబములలోను, విషము విడుచు కోలీ క్రిములే ప్రధాన కారణమని తేలెను. వైద్యులు తమ సభకే వచ్చి తామే పరిశోధనా వస్తువులగుట కొంత వినోదకరమైన సంగతి.

కోలీ క్రిమి ప్రతి మనుష్యుని ప్రేవులలోను కాపురముండునదే. 1885లో థియోడర్ ఎషెరిష్ అను వైద్యుడు దానిని పసిపిల్లల మలమున కనుగొని వర్ణించెను. ఆ పెద్ద కుటుంబములో కొన్ని శాఖలు మాత్రమే విషమును తయారుచేయును. ఆ విషము ప్రేవు గోడలోని కణములకు తగిలినప్పుడు ఏమి జరుగునో తెలియవలెనన్న, ప్రేవు చేయు పని ఎంత గొప్పదో మొదట తెలియవలెను. మనుష్యుడు దినమునకు త్రాగునది సుమారు రెండు లీటర్లు. లాలాజలము, జఠరరసము, పైత్యరసము మొదలైనవి దానితో చేరగా, దినమునకు దాదాపు తొమ్మిది లీటర్ల ద్రవము ప్రేవులలోనికి దిగును. ఇందులో దాదాపు అంతయు మరల రక్తములోనికి పీల్చబడి, మలముతో బయటకు పోవునది పావులీటరునకు లోబడియే యుండును. క్రిమివిషము కణములలోని ఒక మీటను నొక్కి పట్టినట్లు చేయును. అప్పుడు కణములు ఉప్పును, నీటిని లోనికి తీసికొనుటకు మారుగా బయటకు చిమ్మసాగును. కుళాయి త్రిప్పినది ఒకడు, కట్టివేయువాడు లేడు. దేహము ఎండిపోవును, మూత్రము తగ్గి చిక్కనగును, నాలుక పిడచగట్టును, కన్నులు లోతుకు పోవును. ప్రాణాపాయము క్రిమి వలన కంటె ఈ నీటి నష్టము వలననే హెచ్చు.

స్థలవాసులకు ఏల ఈ బాధ లేదను ప్రశ్న మిగిలియున్నది. 1976లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, మెక్సికోలోని ఒకే విశ్వవిద్యాలయమునకు వచ్చిన విద్యార్థులలో అమెరికనులు హెచ్చుగాను, ఇతర లాటిన్ అమెరికా దేశములవారు తక్కువగాను జబ్బుపడిరి. పుట్టుకతో వచ్చిన బలము గాదు ఇది. ఆ క్రిములను పలుమారు ఎదుర్కొనిన దేహమునకు వాటిని త్రోసివేయు శక్తి కలుగును. చాలకాలము మెక్సికోలో కాపురమున్న అమెరికనునకును ఇట్టి శక్తి కొంత వచ్చును. అయితే స్థలవాసులు దీనిని ఉచితముగా సంపాదింపలేదు. వారు పసితనమున ఈ జబ్బులనే అనుభవించిరి. వారి తోబుట్టువులలో కొందరు ఆ జబ్బులతోనే మరణించిరి. "అచటివారికి ఏమియు కాదు" అని యాత్రికుడు తేలికగా పలుకు మాట వెనుక ఈ దుఃఖము కలదు.

క్రిమి ఏ దారిన వచ్చునో చూతము. కోలీ విషక్రిములు జబ్బు కలిగించుటకు సామాన్యముగా కోట్లకొలది లోపలికి పోవలెను. అందుచేత నీటిచుక్క కంటె నిలువయుంచిన వంటకమే వాటికి అనుకూలమైన వాహనము. వెచ్చని ఆహారములో క్రిమి ఇరువది నిమిషములకు రెండుగా చీలుననుకొన్నచో, ఒక్క క్రిమి ఏడు గంటలలో ఇరువది లక్షలకు మించును. పొగలు గ్రక్కుచు వడ్డించిన భోజనము ఏ వీధి దుకాణములోనిదైనను చాలవరకు క్షేమమే. గొప్ప హోటలులో చల్లారి గంటలు గడచిన పళ్లెము క్షేమము గాదు. కోసిపెట్టిన కూరగాయ ముక్కలు, నీటితో కడిగిన ఆకులు, మంచుముక్కలు కూడ అనుమానింపదగినవే. గడ్డకట్టుట వలన క్రిములు చావవు. నీటిని సలసల మరగునట్లు ఒక నిమిషము కాచినచో చాలును. ఎత్తైన కొండప్రదేశములలో మూడు నిమిషములు కాచవలెను. మెక్సికోలోని గ్వాదలహారా నగరమున భోజనశాలల బల్లలమీద గిన్నెలలో నుంచు పచ్చళ్లను పరిశోధకులు పరీక్షింపగా, వాటిలో పెక్కింటియందు కోలీ క్రిములు కనబడెను. వేడివేడి రొట్టెను జాగ్రత్తగా ఎంచుకొన్న యాత్రికుడు ఈ పచ్చడినే దానిపై వేసికొని తినును. ఇడ్లీ పొగలు గ్రక్కుచున్నను, ఉదయమునుండి మూతలేక నిలిచిన కొబ్బరిపచ్చడి సంగతియు ఇట్టిదే.

తెలుగు విద్యార్థి పాశ్చాత్యదేశమునకు పోయినప్పుడు నీటి భయము చాలవరకు తీరును. అచట అతనికి తన వంటయే శత్రువు కావచ్చును. చదువు, పని చాలక తీరిక లేనివాడు ఆదివారమున పెద్దగిన్నెతో అన్నము వండి, పొయ్యిమీదనే వదలి, మరునాడు వేడిచేసికొని తినుట సామాన్యము. బియ్యముతో వచ్చు బాసిల్లస్ సీరియస్ అను క్రిమికి గట్టి బీజములు కలవు. అవి అన్నముతో ఉడికినను చావక, అన్నము గోరువెచ్చగా నున్నప్పుడు మొలచి విషమును తయారుచేయును. ఆ విషము మరల వేడిచేసినంత మాత్రమున నశింపదు. 1971 మొదలుకొని బ్రిటనులోని చైనా భోజనశాలలలో వేపిన అన్నము తినినవారు కొన్ని గంటలలోనే వాంతులతో బాధపడిన సంఘటనలు బయటపడెను. అన్నము చల్లని పెట్టెలో నుంచినచో మెతుకులు ముద్దగట్టునని వంటవారు దానిని రాత్రియంతయు బయటనే ఆరబెట్టుటయే ఇందుకు కారణము. మిగిలిన అన్నమును వెడల్పు పళ్లెములో పరచి త్వరగా చల్లార్చి, గంటలోపుననే రిఫ్రిజిరేటరులో నుంచుట మంచి పద్ధతి. మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నములో పులుపు కొన్ని క్రిములను అణచును గాని, పులియని నిలువ అన్నమునకు ఆ రక్షణ లేదు.

క్రిములతో సంబంధము లేని విషములును కలవు. 1774 సెప్టెంబరులో కెప్టెన్ కుక్ ఓడ న్యూ కలెడోనియా ద్వీపమున ఆగియుండగా, స్థలవాసి యొకడు క్రొత్తరకపు చేపను అమ్మెను. ఓడలోని శాస్త్రజ్ఞులు యోహాన్ ఫార్‌స్టరు, పందొమ్మిదేండ్ల వాని కుమారుడు గేయార్గ్ ఆ చేపను చిత్రించి వర్ణించుటలో ప్రొద్దుపోయెను. అందుచే ఆ రాత్రి కాలేయము, జనము మాత్రమే వండిరి. కుక్‌తో సహా ముగ్గురును కొద్దికొద్దిగా రుచి చూచిరి. తెల్లవారుజామున వారి కాళ్లుచేతులు తిమ్మిరెక్కి, బలము సన్నగిల్లెను. నీరు నిండిన చెంబును, పక్షి ఈకను చేతబట్టినను బరువులో భేదము తెలియలేదని కుక్ వ్రాసెను. చేప ప్రేవులను తిన్న పంది ఉదయమునకు చచ్చిపడియుండెను. స్థలవాసులు ఓడయెక్కి, వ్రేలాడుచున్న ఆ చేపను చూడగానే అది తినదగినది కాదని సైగచేసిరి. అమ్ముటకు ముందు మాత్రము ఎవరును అట్లు చెప్పలేదు! ఆ చేప బుడ్డచేప జాతిది. దాని విషము వండుటచే పోవునది కాదు.

ఇట్టివి అరుదు. యాత్రికుల విరేచనములు పెక్కు సందర్భములలో మూడు నాలుగు దినములలో తామే తగ్గును. రక్తము పడినను, తీవ్రజ్వరము వచ్చినను, త్రాగినదెల్ల వాంతియగుచున్నను, మూత్రము పూర్తిగా తగ్గినను ఆలస్యము చేయక వైద్యుని దర్శింపవలెను. ప్రతి విరేచనమునకు గొప్ప మందులు మ్రింగుట మంచిది కాదు. మందులకు లొంగని క్రిములు ప్రేవులలో స్థిరపడి, యాత్రికునితో స్వదేశమునకు ప్రయాణము చేయుచున్నవని నేటి పరిశోధనలు తెల్పుచున్నవి.

జబ్బు వారములకొలది విడువనప్పుడు అది వేరు సంగతి. ఉష్ణదేశములలో కాపురమున్న ఐరోపావారిని ఒకప్పుడు "స్ప్రూ" అను దీర్ఘ విరేచన వ్యాధి పీడించెను. తిన్నది ఒంటబట్టక రోగి క్షీణించిపోవును. అది స్వదేశీయులను గూడ విడువలేదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుడు ఆ వ్యాధితో మరణించెను. ఆయనకును అది సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికెను. పిదప అమెరికాకు వెళ్లి, లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అదే పరిశోధనశాల 1948లో ఆరియోమైసిన్ అను మందును లోకమునకిచ్చెను. ఫోలిక్ ఆమ్లముతో ఆ మందు వర్గమునకు చెందిన టెట్రాసైక్లిన్‌ను చేర్చి ఇచ్చుట నేటికిని స్ప్రూ చికిత్సగా నున్నది. తన ఇంటిని దెబ్బతీసిన వ్యాధిపై ఆయన తీర్చుకొన్న ఋణమిది.

నీటి నష్టమునకు విరుగుడు మిక్కిలి చౌకది. క్రిమివిషము ప్రేవులోని అనేక తలుపులను చెడగొట్టినను, ఒక తలుపును తాకలేదు. చక్కెరయు ఉప్పును జతగా వచ్చినప్పుడు ఆ తలుపు తెరచికొని రెంటిని లోనికి తీసికొనును; వాటి వెంట నీరును పోవును. రాబర్ట్ క్రేన్ 1960లో ఈ జతను గూర్చి ప్రతిపాదించెను. 1968లో ఢాకాలో కలరా రోగులకు ఇట్టి నీటిని నోట త్రాగించి వైద్యులు మంచి ఫలితము పొందిరి. 1971లో తూర్పు బెంగాలు యుద్ధమునుండి పారిపోయి వచ్చిన కాందిశీకులతో సరిహద్దున నున్న బనగావ్ నిండిపోయెను. ఆసుపత్రి నేలపై కలరా రోగులు వరుసలుగా పడియుండిరి. నరములలోనికెక్కించు సెలైన్ నీరు తరిగిపోవుచుండెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కొలతప్రకారము కలిపిన నీటిని పీపాలలో నింపించెను. రోగుల బంధువులే పాత్రలతో పట్టుకొనిపోయి వారిచే త్రాగించిరి. నూటికి ముప్పది వరకు నున్న మరణములు నాలుగు లోపునకు దిగెను. 2022లో ఆయన మరణించెను. మరుసటి సంవత్సరము భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ బిరుదమును ప్రకటించెను.

నేడు ఆ పొడి పొట్లములుగా ప్రతి మందుల దుకాణమునందును దొరకును. దూరదేశమునకు పోవు విద్యార్థి పెట్టెలో ఆవకాయ జాడీ ప్రక్క నాలుగు పొట్లములకు చోటుండును. పొట్లము మీద వ్రాసినంత నీటిని కాచి చల్లార్చి, పొడినంతయు ఒకేసారి కలుపవలెను. సగము కలిపి సగము దాచినచో కొలత తప్పును. పొట్లము లేనప్పుడు లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలుపుకొనవచ్చును. ఉప్పు హెచ్చినచో కీడు కలుగును. వాంతి యగుచున్నను పది నిమిషములాగి గుక్క గుక్కగా త్రాగుచుండవలెను. కలిపిన నీరు ఒక దినమునకు మించి నిలిచినచో పారబోసి, మరల క్రొత్తగా కలుపుకొనవలెను.